అట్టలు వేసిన కిటికీ

ఆ ఉదయం ఆకాశం ఇంకా తేరుకోలేదు. కురవాలా వద్దా అని తేల్చుకోలేని మబ్బు తెల్లవారాక కూడా ఎక్కడిదక్కడే నిలబడి ఉంది. తూర్పున మాత్రం మబ్బుకీ మేడలకీ మధ్య చారెడు సందు దొరికింది. అందులోంచి సూర్యుడు ఒక్కసారి తొంగిచూసి, పసుపూ కాని ఎరుపూ కాని రంగొకటి రోడ్డు మీద పారబోసి, మళ్ళీ లోపలికి పోయాడు.

గోదాం బస్సు దిగిన కోడలు ఆ కాస్త వెలుతురుకే చెయ్యి అడ్డం పెట్టుకుంది. అందరికీ పొద్దు పొడిచే వేళ ఆమెకు పొద్దుగూకే వేళ. రాత్రంతా తెల్లటి ట్యూబులైట్ల కింద నిలబడి, ఊరూరికీ పోయే పార్శిళ్ళను వేరుచేసి వచ్చిన కళ్ళు. ఎండపొడ తగిలితే ఇసక పడ్డట్టు ఉంటుంది.

మెట్ల మొదట్లో ఇస్త్రీ దుకాణం అప్పుడే తెరుస్తున్నారు. ఇస్త్రీ ఆవిడ పెట్టెలో బొగ్గులు రాజేస్తూ తలెత్తింది.

"పాప ఎలా ఉందమ్మా?"

"బాగానే ఉందండీ."

"నిన్న నేను చూడబట్టి సరిపోయింది. మధ్యాహ్నం కదా, వీధిలో పురుగు లేదు. మూట కట్టిన దుప్పట్ల మీద ఎక్కి కూచుంది. 'ఎవరితో వచ్చావే' అంటే, 'తాతయ్య బజ్జున్నాడు, నేనే వచ్చేశా' అంటుంది. ఇంకో నాలుగడుగులు వేస్తే లారీల రోడ్డు!"

ఈ మాటలు ఆమె నిన్న సాయంత్రం నిద్ర లేవగానే విన్నది. ఇప్పుడు మళ్ళీ లారీల రోడ్డు వైపు చూసింది. తలూపి మెట్లెక్కింది.

రెండో అంతస్తు దాటేసరికే అత్తగారి గొంతు వినపడింది. ఆ గొంతు ఏడుపులోంచి అరుపులోకి, అరుపులోంచి ఏడుపులోకి దారి తప్పకుండా తిరుగుతోంది.

వాళ్ళ ఇల్లు రైలుపెట్టెలా ఒకదాని వెనక ఒకటి మూడు గదులు. ముందుది కోడలిది, కొడుకుది. ఇంట్లో కిటికీ అన్నది ఆ గదికే ఉంది. మెట్ల వైపు నుంచి వచ్చే తలుపు నడిమి గదిలోకి తెరుచుకుంటుంది. నడిమి గదికి నాలుగు వైపులా గోడలూ గుమ్మాలే. వెనక వంటగది. వంటగదికి పోవాలన్నా, నీళ్ళకి పోవాలన్నా, ఎవరైనా నడిమి గదిలోంచే నడవాలి. ఆ గదిలో ఒక మూల మామగారి మంచం, ఇంకో మూల అత్తగారి కుట్టుమిషను, మధ్యలో ఆయన అల్లుతూ వదిలేసిన బెత్తం కుర్చీ.

కోడలు తలుపు తోసేసరికి మామగారు ఆ మంచం మీదే గోడవైపు తిరిగి నిద్రపోతున్నారు. తల్లీ కొడుకులు ఆయనకు చెరో పక్క నిలబడి ఆయన గురించే పోట్లాడుకుంటున్నారు.

"మూడంతస్తులు దిగిందమ్మా అది! ఒక్క మెట్టు తప్పి ఉంటే?"

"నాకు తెలీదట్రా? నేనేం షికారుకెళ్ళానా? కాజాలు తీసిన చొక్కాలు షాపులో ఇచ్చి రావడానికి వెళ్ళాను. నేను వెళ్ళేటప్పటికి మీ నాన్న కూచునే ఉన్నారు. దానికి ఏనుగు కథ చెబుతున్నారు."

"ఏనుగు నీళ్ళు తాగే లోపల ఆయన గుర్రు పెట్టారు. పట్టపగలు!"

"అయితే నన్నేం చెయ్యమంటావు? ఆయనకి కళ్ళు నేనే అయ్యాను. ఆయన నిద్రకి కూడా నేనే కాపలా కాయనా?"

"ఒక వారం పగలు నిద్ర. ఒక వారం రాత్రి నిద్ర. ఏ వారం ఏమిటో ఆ దేవుడికి కూడా తెలీదు. ఇల్లా ఇది, సత్రమా?"

అత్తగారు ముక్కు చీదుకుని, గుమ్మంలో నిలబడ్డ కోడలిని చూసింది.

"ఇదిగో, వచ్చింది రెండో గుడ్లగూబ. ఒకే కొంపలో రెండు. ఒకటి జీతానికి మేలుకుంటుంది, ఇంకోటి ఊరికే మేలుకుంటుంది. మధ్యలో నిద్రలేక చచ్చేది నేను."

కోడలు చెప్పులు విప్పింది. పాప వచ్చి కాళ్ళను చుట్టేసుకుంది.

"అమ్మా, తాతయ్యకి ఇంకా పొద్దున్న అవలేదు," అంది రహస్యం చెప్పినట్టు.

ఆమె పాప తల నిమిరింది.

"పొద్దున్నే వ్యాను ఇంకొకడికిచ్చి ఉండిపోయాను," అన్నాడు భర్త. అతను రొట్టెల వ్యాను నడుపుతాడు. మామూలుగా ఆమె వచ్చేసరికి అతను ఉండడు. ఇద్దరికీ మంచం ఒక్కటే. అతను లేచిన చోట ఆమె పడుకుంటుంది. ఒక్కోసారి దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంటుంది. వారంలో వాళ్ళ కాపురం చాలావరకు ఆ వెచ్చదనమే.

"నిలయం మేనేజరుతో మాట్లాడాను. మంచం ఖాళీ ఉందట. సోమవారం లోపల తీసుకురాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాడట. కళ్ళాసుపత్రి సర్టిఫికెట్ ఒక్కటి కావాలన్నాడు."

అంధుల నిలయం ఇంకో ఊళ్ళో ఉంది. బస్సులో సగం రోజు ప్రయాణం. నిన్న సాయంత్రం దాకా అది బెదిరింపు. ఇప్పుడు దానికి ఒక మంచం, ఒక వారం పేరు వచ్చాయి.

"కట్టుకున్నవాణ్ణి అక్కడ పడేసి నేనిక్కడ ఏ మొహంతో తింటానురా?" అంది అత్తగారు. కానీ ఆ గొంతులో వద్దన్న మాట లేదు. అలిసిపోయిన మనిషి తన అలసటని చూసి తనే సిగ్గుపడుతున్న గొంతు అది.

"నాకు మాత్రం సరదానా? పాప పోతే తెస్తామా?"

ఆ మాటతో పోట్లాట ఆగిపోయింది. మంచం మీద మామగారు నిద్రలోనే కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నారు.

"పది గంటలకి రెండో ట్రిప్పు నాదే, తప్పదు," అన్నాడు భర్త కాస్త తగ్గి. "నువ్వు తీసుకెళ్ళు."

"నేనిప్పుడే వచ్చాను."

"తెలుసు."

ఆ 'తెలుసు' తర్వాత ఇంకేదైనా మాట వస్తుందేమోనని ఆమె కాసేపు చూసింది. రాలేదు.

మొహం కడుక్కుని తన గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. లోపల చిక్కటి చీకటి. కిటికీ నిండా పార్శిలు అట్టలు. గోదాంలో చిరిగిన పెట్టెల్ని అడిగి తెచ్చుకుని, ఒకదాని మీద ఒకటి పేర్చి, సందుసందునా నల్ల టేపు అంటించింది. నైటు డ్యూటీకి మారిన కొత్తలో, పగలు నిద్రపట్టక, తల పగిలిపోతూ, నెలసరి గతి తప్పి, ఒకరోజు గోదాంలో నిలబడ్డచోటే తూలిపడింది. ఆ మర్నాడు తెచ్చింది అట్టలు. అత్తగారు చూసి, 'పెళ్ళైన ఇంటికి ఈ సమాధి ఏమిటే' అంది. మామగారు మాత్రం మంచం మీంచి నవ్వి, 'పోనీవే, నిద్రపోనీ పిల్లని. చీకటి ఎంత మెత్తగా ఉంటుందో నాకు తెలుసు,' అన్నారు.

ఈ ఇంట్లో ఆమెది అనదగ్గది ఏదైనా ఉంటే ఆ అట్టలూ ఆ గడియా. మిగతా ఇల్లంతా నడిచే దారి.

అయిదు నిమిషాలు మంచం అంచున కూచుని, పడుకుంటే మళ్ళీ లేవలేనని తెలిసి, లేచి బయటికి వచ్చింది.

"మావయ్యా."

రెండో పిలుపుకి కదిలారు.

"ఏ వేళయింది తల్లీ?"

"పొద్దున్నే మావయ్యా."

"నాకు మాత్రం నడిరాత్రిలా ఉంది."

"నాకూ అంతే."

ఇద్దరూ కాస్త నవ్వారు. వాళ్ళిద్దరి మధ్యా ఉన్న హాస్యం అదొక్కటే. ఆయన నిద్ర జరుగుతూ జరుగుతూ ఎప్పుడో ఒక వారం ఆమె వేళలతో కలిసేది. ఆ వారం ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆయన మేలుకుని కుర్చీ అల్లుతూ ఉండేవారు. ఇద్దరూ టీ తాగేవారు. 'ఈ వారం మనిద్దరం ఒకే షిఫ్టు తల్లీ,' అనేవారు. ఆ ఇంట్లో ఆమెను 'రాత్రి ఎలా గడిచింది' అని అడిగిన మనిషి ఆయనే. వారం తిరిగేసరికి ఆయన నిద్ర మళ్ళీ పక్కకి జరిగిపోయేది. ఒకే గోడకి అటూ ఇటూ ఉండి కూడా వారాల తరబడి కలుసుకోలేని దూరంలోకి పోయేవారు.

"కళ్ళాసుపత్రికి వెళ్ళాలి."

"సర్టిఫికెట్టుకేనా? నిన్న రాత్రి నీ మొగుడు చెప్పాడులే." ఆయన చొక్కా కోసం మంచం తడిమారు. "కాదనే మొహం నాకెక్కడుంది? పసిదాన్ని చేతిలో పెడితే వదిలేసినవాణ్ణి."

"మీరు కావాలని వదిలేశారా మావయ్యా?"

"కావాలని కాకపోతే మాత్రం! అది పడితే మెట్లకు తెలుస్తుందా, నేను కావాలని పడుకోలేదని?"

కిందటేడు మెట్ల మీద పడి మోకాలు చిట్లిన దగ్గర్నుంచి ఆయన కిందికి దిగింది వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. దింపాలంటే ఒకరు ముందు, ఒకరు వెనక ఉండాలి. ఇవాళ భర్త ముందు, ఆమె వెనక. ఒక్కొక్క మెట్టుకీ ఆయన అరికాలు గాలిలో కాస్త ఆగి, వెతుక్కుని, దిగేది. వీధిలోకి వచ్చాక భర్త తండ్రి చెయ్యి తీసి ఆమె భుజం మీద పెట్టాడు. వ్యాను వైపు వెళ్ళిపోయాడు.

కళ్ళాసుపత్రిలో బల్లల నిండా జనం. మామగారు కూచోగానే గడ్డం రొమ్ముకి ఆనించి నిద్రలోకి జారిపోయారు. ఆయన తల ఒరిగి ఆమె భుజం మీద పడింది. ఆమె కదల్లేదు. ఎదురుగా కూచున్న ముసలామె, "మీ నాన్నా?" అని అడిగింది. "మామగారు," అంది. "మంచిదానివమ్మా," అంది ముసలామె. తన మంచితనం ఎంతటిదో ఇంకో గంటలో తేలిపోతుందని అప్పటికి ఆమెకు తెలియదు.

కళ్ళ డాక్టరమ్మ నడివయసు మనిషి. కొత్త పేషెంటుని చూసినట్టే మొదట్నుంచీ అడిగింది. కుర్రతనంలో రేచీకటి, నలభై దాటాక చుట్టుపక్కల చూపు పోయి సొరంగంలోంచి చూసినట్టు ఉండటం, ఆ తర్వాత అదీ మూసుకుపోవడం. మామగారు ఆవులింతల మధ్య చెప్పారు. ఆవిడ గది లైటు ఆర్పి, ఆయన రెప్ప పైకెత్తి, చిన్న టార్చి వేసి చాలాసేపు చూసింది. ఆర్పింది. మళ్ళీ వేసింది.

"ఏమైనా తెలుస్తోందా పెద్దాయనా? వెలుతురు?"

"లేదమ్మా. చీకటే."

"సరే. మీరు అక్కడ గోడ పక్క కుర్చీలో కూచోండి. అమ్మాయికి కాగితం రాసిస్తాను."

కోడలు ఆయన్ని నడిపించి కూచోబెట్టింది. నాలుగడుగుల దూరం. కూచోగానే గడ్డం మళ్ళీ రొమ్ముకి ఆనింది.

"ఇలా పగలు నిద్ర ఎన్నాళ్ళ నుంచి?" అంది డాక్టరమ్మ రాస్తూ.

"ఏడాది పైనే అయిందండీ. ఎప్పుడూ పగలే కాదు. కొన్నాళ్ళు మామూలుగానే ఉంటారు. తర్వాత రోజూ కాస్త కాస్త ఆలస్యంగా పడుకుంటారు, ఆలస్యంగా లేస్తారు. అలా జరిగి జరిగి పగలే నిద్రపోతారు. మళ్ళీ జరిగి రాత్రికి వస్తారు."

డాక్టరమ్మ కలం ఆగింది.

"అంతకు ముందు? చూపు పూర్తిగా పోయాక, ఈ ఏడాదికి ముందు?"

"చక్కగా నిద్రపోయేవారండీ. పొద్దున్నే అందరికంటే ముందే లేచేవారు."

"అలాగా." ఆవిడ కుర్చీ ఆమె వైపు జరుపుకుంది. "చూడమ్మా. మనిషి ఒంట్లో ఒక గడియారం ఉంటుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే చాలామందికి రోజూ కాస్త వెనకబడుతుంది. పొద్దుటి వెలుతురు కంట్లో పడి రోజూ దాన్ని సరిదిద్దుతుంది. మీ మామగారికి చూసే పొర పాడైంది. కానీ కంట్లో ఇంకో రకం కణాలున్నాయి. బొమ్మ చూడటం వాటి పని కాదు. ఇది పగలు, ఇది రాత్రి అని లోపలికి కబురు పెట్టడం వాటి పని. ఇందాక టార్చి వేస్తే ఆయన కంటిపాప మెల్లగా ముడుచుకుంది. ఆయనకి తెలియలేదు, కంటికి తెలిసింది."

"అంటే చూపు వస్తుందాండీ?"

"రాదు. ఆ ఆశ పెట్టుకోవద్దు. కానీ నిద్ర దారికి రావచ్చు. వస్తుందని రాసివ్వలేను, ప్రయత్నిస్తే మాత్రం పోయేదేమీ లేదు. ఈ ఏడాదిలో ఇల్లు గానీ మారారా? ఆయన ఉండే గదిలో వెలుతురు తగ్గిందా?"

కోడలు గోడ పక్క కుర్చీ వైపు చూసింది.

నడిమి గదికి కిటికీ లేదు, నిజమే. కానీ ముందు గది తలుపు ఎప్పుడూ బార్లా తీసి ఉండేది. పొద్దున్నే ఎండ ఆ గదిలోంచి నడిమి గది గడప దాటి, ఆయన మంచం కోడు దాకా పాకేది. ఆ గది కూడా ఆయనదే, పెళ్ళిలో కొడుక్కీ కోడలికీ ఇచ్చేశారు. 'నాకు కిటికీ ఎందుకురా, కూచుని ఊరిని చూస్తానా,' అని తనే మంచం ఎత్తించారు. అప్పుడు కూడా నిద్ర బాగానే ఉండేది. ఆ తలుపు మూసింది ఆమె. ఆ కిటికీకి అట్టలు వేసింది ఆమె. ఆ తర్వాతే ఆయన రాత్రి పగలు కలగాపులగం అయింది. ఒకే గోడకి రెండు పక్కలా జరిగిన రెండు సంగతుల్ని ఏడాది పాటు ఎవరూ కలిపి చూడలేదు.

"లేదండీ. ఇల్లు అదే," అంది.

"తూర్పు వైపు కిటికీ ఉన్న గది ఉందా?"

"ఉంది."

"ఇంకేం! ఆయన మంచం అక్కడ వెయ్యండి. తెల్లవారగానే కిటికీ తియ్యండి, మొహం అటు పెట్టి కూచోమనండి. రాత్రి మాత్రం చీకటిగా ఉంచండి. నల్ల కళ్ళద్దాలు వద్దు. రోజూ వీధిలోకి నడిపిస్తే ఇంకా మంచిది."

"మూడో అంతస్తండీ. మెట్లు కష్టం."

"అయితే కిటికీయే. రెండు నెలలు చూసి తీసుకురండి." ఆవిడ తలెత్తి ఆమె మొహాన్ని పరీక్షగా చూసింది. "నువ్వేం చేస్తావు?"

"పార్శిళ్ళ గోదాంలో నైటు డ్యూటీ."

"అనుకున్నాను. నీ కళ్ళే చెబుతున్నాయి. నీకు ఆయనకి చెప్పినదానికి తలకిందులు. పగలు పడుకునే గది చీకటిగా ఉండాలి. ఇంటికొచ్చేటప్పుడు ఎండ తగలకుండా నల్లద్దాలు పెట్టుకో. నిద్ర తగ్గితే ఒళ్ళు ఊరుకోదు. బీపీ, షుగరు, అన్నీ వరసగా వస్తాయి. గది చీకటిగానే ఉందా?"

"ఉందండీ."

"మంచిది. దాన్ని మాత్రం వదులుకోకు."

ఆవిడ సర్టిఫికెట్టు మీద ముద్ర వేసి ఇచ్చింది. ఇద్దరికీ సరైన మాటే చెప్పింది. ఆ రెండు గదులూ ఒకటేనని ఆవిడకి తెలియదు.

మామగారిని లేపింది. ఒక్క తట్టుకే లేచారు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఆయన్ని లోపలికి కూచోబెట్టి పక్కన కూచుంది. మబ్బు విరిగిపోయింది. ఎండ బాగా కాస్తోంది.

గది ఆయనకిస్తే అత్తగారు కూడా అక్కడికే వస్తుంది. తనూ భర్తా నడిమి గదిలోకి మారాలి. గది చీకటే, కాదనలేం. కానీ అది మూసుకునే గది కాదు, గడియ లేదు. పగలంతా కుట్టుమిషను, పాప ఆటలు, వంటగదికి పోయే కాళ్ళు, నీళ్ళ బిందెలు. అందరి కాళ్ళకింద పడుకోవాలి. అతను ఇంట్లో ఉండే ఒక్క రోజూ మొగుడూ పెళ్ళాం గొంతు తగ్గించి మాట్లాడుకోవాలి. మళ్ళీ తలనొప్పులు. మళ్ళీ గోదాంలో తూలిపడటం.

చెప్పకపోతే సోమవారం ఆయన వెళ్ళిపోతారు. అక్కడ ఆయన్ని కిటికీ దగ్గర కూచోబెట్టేవాళ్ళుంటారా? ఉంటారేమో. నిలయం కదా, వాళ్ళకి తెలిసే ఉంటుంది. ఆమె ఆ 'ఏమో'ని రెండు చేతులతో పట్టుకుని వేలాడింది.

"డాక్టరమ్మ ఏమంది తల్లీ?" అన్నారు మామగారు.

ఆమె సర్టిఫికెట్టుని బ్యాగులో ఇంకా లోపలికి తోసింది.

"ఏముంది మావయ్యా. కొత్తగా ఏమీ లేదన్నారు."

"అలాగా."

ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బస్సు ఊగినప్పుడల్లా ఊగుతూ కూచున్నారు. కొంతసేపటికి, "నువ్వు నిద్రపోలేదు ఇవాళ," అన్నారు.

"పరవాలేదు మావయ్యా."

"పరవాలేదంటే ఒళ్ళు వింటుందా? ఇంటికెళ్ళాక పడుకో. పాపని నీ జోలికి రానివ్వద్దని మీ అత్తకి నేను చెబుతాలే."

ఆమె తల పక్కకి తిప్పుకుంది. ఆయనకి కనపడదని తెలిసినా తిప్పుకుంది.

మెట్ల దగ్గర ఇస్త్రీ ఆవిడ భర్త సాయం పట్టాడు. రెండో అంతస్తు మలుపులో గోడకి చిన్న జాలీ ఉంది. ఎండ అందులోంచి గళ్ళు గళ్ళుగా పడుతోంది. మామగారు అక్కడ ఆగారు.

"కాస్త ఊపిరి తీసుకోనీ తల్లీ."

"ఇక నేను చూసుకుంటానండీ," అని ఆమె ఇస్త్రీ అతన్ని పంపించేసింది.

ఆయన గోడని తడిమి, జాలీ ఎక్కడుందో వేళ్ళతో కనుక్కుని, వెచ్చదనం తగిలే వైపుకి మొహం తిప్పారు. ఎప్పుడూ రెప్పలు వాల్చుకుని ఉండే మనిషి. ఇంట్లో ఆయన కళ్ళు తెరిచి ఉండగా చూసినవాళ్ళు తక్కువ. ఇప్పుడు రెండు కళ్ళూ పూర్తిగా తెరిచి, ఎండ గడి ఒకటి సరిగ్గా మొహాన పడేలా నిలబడ్డారు. నీళ్ళు కారుతున్నా రెప్ప వెయ్యలేదు. దాహం వేసినవాడు దోసిలి పట్టినట్టు ఉంది ఆ మొహం.

కోడలు ఒక మెట్టు కిందే ఆగిపోయింది.

అడుగుదామనుకుంది. 'మావయ్యా, డాక్టరమ్మ గదిలో మీరు నిద్రపోలేదా?' అని. అడిగితే ఆయన జవాబు చెప్పాలి. చెబితే తన జవాబు కూడా చెప్పాలి. గోడకి ఆనుకుని నిలబడిపోయింది. కింద ఎవరో బిందె దించిన చప్పుడు. పైన అత్తగారి మిషను చప్పుడు. వాళ్ళిద్దరూ మధ్యలో ఉన్నారు.

"పద తల్లీ," అన్నారు ఆయన చివరికి, రెప్పలు వాల్చుకుంటూ.

ఇంట్లో భర్త రెండో ట్రిప్పు ముగించి వచ్చేశాడు. అత్తగారు వంట చేసి ఎవరూ తినకుండా కూచోబెట్టింది. నడిమి గదిలో కుర్చీ చట్రం గోడకి జరిపి, లైటు వేసి, కంచాలు పెట్టింది. అందరూ ఒకే వేళకి ఒకేచోట కూచుని తినడం ఆ ఇంట్లో ఎప్పుడు జరిగిందో ఎవరికీ గుర్తులేదు. ఒకరి ఆకలి వేళ ఇంకొకరికి నిద్ర వేళ. ఇవాళ అందరూ మేలుకునే ఉన్నారు.

"సర్టిఫికెట్ ఇచ్చారా?" అన్నాడు భర్త.

ఆమె బ్యాగులోంచి తీసి ఇచ్చింది. అతను చూసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. తండ్రి వైపు చూడకుండా పెట్టుకున్నాడు.

అత్తగారు అన్నం వడ్డిస్తూ ఆగింది. గరిటె గిన్నె మీదే ఉంది.

"కాగితం సంగతి సరే. అసలు డాక్టరమ్మ ఏమందే? ఈ నిద్రకి మందూ మాకూ లేదా? ఏదో ఒకటి చెప్పకుండా ఉంటుందా అంత చదువుకున్న మనిషి?"

ఆవిడ గొంతులో పొద్దుటి అరుపు లేదు. ఒక్క దారి చూపిస్తే చాలు, ఆ దారిన పడిపోదామని కూచున్న గొంతు. భర్త కూడా తలెత్తాడు. అతని మొహంలో అదే ఆశ చూసి కోడలు నివ్వెరపోయింది. పంపించాలని ఎవరికీ లేదు. ఆపే మాట ఎవరి దగ్గరా లేదు, తన దగ్గర తప్ప.

"అత్తయ్యా..." అంది.

"దాన్నెందుకు అడుగుతావు, అలిసిపోయి ఉంది పిల్ల," అన్నారు మామగారు. "నేనున్నాగా అక్కడ. కొత్తగా ఏమీ లేదంది డాక్టరమ్మ."

"మీరా! అక్కడ కూడా పడి నిద్రపోయే ఉంటారు."

"లేదే. కళ్ళు మూసుకున్నానంతే." ఆయన కంచం అంచు చేత్తో చూసుకున్నారు. "మొదట్నుంచి చివరిదాకా అన్నీ విన్నాను. ఏమీ లేదంది. వడ్డించు, చల్లారిపోతోంది."

అత్తగారు గరిటె కదిలించింది. భర్త తల వంచుకున్నాడు. పాప తాతయ్య పక్కన చేరి తన కంచం ఆయన కంచానికి తాకేలా జరుపుకుంది.

అత్తగారు మంచినీళ్ళ గ్లాసు మామగారి చేతికి తగిలేచోట పెట్టింది. కొడుకు కూర గిన్నె తండ్రి వైపు జరిపాడు. మామగారు మెతుకు కింద పడకుండా, మెల్లగా, అందరికంటే శుభ్రంగా తింటున్నారు. కంచాల చప్పుడు, నీళ్ళు మింగిన చప్పుడు, నెత్తిమీద లైటు సన్నటి రొద.

కోడలి నోట్లో ముద్ద ఉంది. అది మింగితే మాట్లాడాలి.

ఆమె నములుతూనే ఉంది.